లెక్కలోకి రాని చెంచాలు

మూడొందల మందికి వండి వడ్డించే మనిషిని పట్టుకుని "తిండి తగ్గించు" అంటే ఎలా ఉంటుంది? చేపను పట్టుకుని తడవొద్దన్నట్టే ఉంటుంది. ఈ కథలో మనిషికి సరిగ్గా ఆ మాటే చెప్పారు. దారినపోయేవాళ్ళెవరైనా చెప్పి ఉంటే గరిటెతోనే జవాబిచ్చేది. చెప్పింది డాక్టరమ్మ, అదీ తమ్ముడి ప్రాణం సంగతి కాబట్టి నోరు మూసుకుని విన్నది.

ఆవిడ నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటామె. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది కానీ ఎవరి నోటా వినపడదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ "పెద్దగరిటె". ఆ పిలుపులో వెటకారం కొంచెం, భయం కొంచెం, మిగిలినదంతా గౌరవం. ఎందుకంటే ఆ క్యాంటీన్‌లో పన్నెండు బల్లలున్నాయి, ఒక్క బల్ల మీద కూడా ఉప్పు సీసా ఉండదు. కొత్తగా చేరినవాడెవడైనా "ఉప్పేదీ?" అంటే పక్కవాడు మోచేత్తో పొడిచి, "మెల్లగా అడగరా నాయనా, ఆవిడ వింటే మనకు రేపు తిండుండదు" అనేవాడు. అడిగినవాడు ఒక ముద్ద తిన్నాక మళ్ళీ అడిగేవాడు కాదు.

ఆ నాలుకకు పదును పెట్టింది ఆవిడ తమ్ముడే. అక్క కంటే ఆరేళ్ళు చిన్న. అమ్మానాన్నలిద్దరూ పనికి పోయేవాళ్ళు కాబట్టి ఆవిడ పదకొండో ఏటికే పొయ్యి ముందు నిలబడింది. వీడికి ఏం పెట్టినా వంకే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేవాడు, ముఖం చిట్లించేవాడు, "ఉప్పు చాలలేదక్కా" అనేవాడు. వేస్తే ఎక్కువైందనేవాడు. ఒళ్ళు మండి వీపు మీద రెండు వాయించిన రోజులూ ఉన్నాయి. ఆ సణుగుడు పడలేకే వడ్డించే ముందు చెంచాతో రుచి చూడడం నేర్చుకుంది. ఆ అలవాటే తర్వాత ఆవిడకు కూడు పెట్టింది.

తమ్ముడు పెద్దయ్యాక కిటికీలకు అద్దాలు బిగించే పనిలో కుదురుకున్నాడు. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. నలభై నిండకుండానే రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వస్తున్నాడు. నోటికి రుచి పూర్తిగా పోయింది. "ఏం తిన్నా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంటుందక్కా" అన్నాడొకసారి. అప్పటినుంచి అక్క ఏం వండి తీసుకెళ్ళినా రెండు ముద్దలు తిని, "బాగుందక్కా" అని గిన్నె పక్కన పెట్టేవాడు. వంకలు పెట్టే మనిషి బుద్ధిగా "బాగుంది" అంటుంటే ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి ఏడ్చేది.

కొత్త కిడ్నీ పెట్టాలన్నారు. ఇద్దామంటే మరదలి రక్తం సరిపోలేదు. అక్కది సరిపోయింది. "ఇంకేం, కోసి తీసుకోండి" అంది పెద్దగరిటె. డాక్టరమ్మ నవ్వి ఆవిడను తూకం ఎక్కమంది. తొంభై కిలోలు.

"ఈ బరువుతో కుదరదమ్మా. ఒకటి తీసేశాక మిగిలిన కిడ్నీ ఒక్కటే జీవితాంతం మీ ఒంటినంతా కాయాలి. డెబ్బై నాలుగుకి రండి. వచ్చాక ఆరు నెలలు అక్కడే ఉండండి."

"తగ్గి చూపిస్తే చాలదా?"

"తగ్గి చూపించినవాళ్ళను బోలెడంతమందిని చూశాను. పాతిక కిలోలు తగ్గి, ముప్ఫై పెరిగినవాళ్ళున్నారు. ఆరు నెలల్లో ఎప్పుడైనా డెబ్బై ఆరు దాటితే లెక్క మళ్ళీ మొదటినుంచి."

తగ్గడానికి కాలం కలిసొచ్చింది. వంటగది పైకప్పు మార్చి కొత్త పొయ్యిలు పెట్టిస్తామని ఫ్యాక్టరీవాళ్ళు క్యాంటీన్ నాలుగు నెలలు మూసేశారు. పెద్దగరిటె నోరు కట్టుకుంది. పొద్దున గంట, సాయంత్రం గంట నడిచింది. ఏం తిన్నదీ, ఎంత తిన్నదీ నోటుబుక్కులో రాసింది. అన్నం గిన్నెలో కొలుచుకుంది. తీపి ముట్టలేదు, నూనె లెక్కపెట్టి వేసింది. నాలుగు నెలలకు డెబ్బై నాలుగు కిలోల మీద నిలబడి, యుద్ధం గెలిచినట్టు డాక్టరమ్మ వైపు చూసింది. పాత జాకెట్లన్నీ బస్తాల్లా వేలాడుతున్నాయని ఇంటికొచ్చి ఒకటే నవ్వింది. అసలు పని ఇప్పుడే మొదలైందని ఆవిడకు అప్పుడు తట్టలేదు.

క్యాంటీన్ తెరిచారు. మొదటి నెల తూకంలో మూడొందల గ్రాములు పెరిగింది. పోనీలే అనుకుంది. రెండో నెలకు డెబ్బై అయిదూ రెండొందలు. నోటుబుక్కు తీసి పేజీలు తిప్పింది. అంతా సక్రమంగానే ఉంది. అయినా ఎందుకొచ్చిన గొడవని రాత్రి భోజనం సగానికి సగం తగ్గించింది. పొద్దున టీ తప్ప ఏమీ ముట్టకుండా పనికి పోవడం మొదలుపెట్టింది. నడక మానేసింది, ఎందుకంటే ఎనిమిది గంటలు కాళ్ళ మీద నిలబడే మనిషికి మళ్ళీ నడకేమిటని ఆవిడ లెక్క. మూడో నెల తూకమెక్కితే డెబ్బై ఆరూ నాలుగొందలు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, మీ తమ్ముడికి మిషను తగిలించే చేతి నరం రెండుసార్లు పూడుకుపోయింది. ఇంకో మూణ్ణెల్లు నెట్టుకొస్తాడు. మళ్ళీ మొదటినుంచి ఆరు నెలలంటే నేను మాట ఇవ్వలేను. రూలు ప్రకారం ఇవాళే లెక్క చెరిపేయాలి. పదిహేను రోజులు ఆగుతాను. అంతే."

బయట బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి ఉంది. అక్క ముఖం చూడగానే సంగతి అర్థమైపోయింది వాడికి.

"వదిలెయ్యక్కా. నాకోసం కడుపు మాడ్చుకుని నువ్వు కూడా పడిపోతే ఎలా?"

"నోర్ముయ్యరా. నేను తినట్లేదు. దేవుడి మీద ఒట్టు, తినట్లేదు. మరి ఎక్కణ్ణుంచి వస్తోందో ఈ పాడు ఒళ్ళు!"

అది అబద్ధం కాదు. ఆవిడ నిజంగానే తినట్లేదనుకుంటోంది.

ఆవిడ భర్త కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. రోజంతా వీధులు తిరిగి తిరిగి ఎండుకట్టెలా ఉంటాడు. పది మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడతాడు. ఆ సాయంత్రం భార్య నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివాడు.

"ఏమేవ్, ఇందులో తప్పేం లేదు."

"ఆ ముక్క నాకు తెలీదా?"

"అన్ని స్విచ్చులూ ఆపేశామంటారు కొందరి ఇళ్ళల్లో. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వాళ్ళు అబద్ధమాడరు, మీటరూ ఆడదు. వెనక గదిలోనో మెట్ల కిందో మరిచిపోయిన బల్బు ఒకటి వెలుగుతుంటుంది." నోటుబుక్కు మూసేశాడు. "రేపు సెలవు పెడతాను. మీ క్యాంటీన్‌కి వస్తాను."

"వచ్చి ఏం చేస్తారు? బంగాళాదుంపలు ఒలుస్తారా?"

ఆయన సెలవు చీటీ రాయడానికి కాగితం వెతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆయన వంటగదిలో బియ్యం బస్తాల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో ఖాళీ గిన్నె, ఆవిడ వాడే చెంచాకు జోడీ చెంచా. రెండో వంటవాడు విస్తుపోయి చూశాడు. ఇతనికి "చప్పిడి" అని పేరు. పన్నెండేళ్ళ కిందట చేరిన వారంలోనే మూడొందల మంది కూరలో ముప్ఫై మందికి సరిపోయే ఉప్పు వేశాడు. ఆ ఒక్క రోజు పుణ్యమా అని పేరు అతుక్కుపోయింది. నిలువెత్తు మనిషి, నెమ్మదస్తుడు, అప్పటినుంచి ఉప్పు డబ్బా జోలికి పోడు.

"బావగారు ఏంటక్కా, తనిఖీకొచ్చారా?"

"ఏమో నాయనా, ఆయన్నే అడుగు."

పని మొదలైంది. పెద్దగరిటె సూపు తిప్పింది, చెంచాతో తీసి ఊది నోట్లో పోసుకుంది. భర్త లేచి అదే సూపు ఒక చెంచా తీసి గిన్నెలో పోశాడు, వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ మాంసం కూర రుచి చూసింది. ఆయన లేచాడు. బీన్సు ఉడికిందో లేదోనని రెండు నమిలింది. ఆయన రెండు వేశాడు. వేయించిన బంగాళాదుంప ముక్కలు నూనెలోంచి తీసిన ప్రతి వాయిలోనూ కరకరలాడుతున్నాయా అని ఒకటి కొరికింది. ప్రతి వాయికీ ఆయన ఒకటి గిన్నెలో పడేశాడు. గంట గడిచేసరికి ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏవండీ, నా వెనకాల ఆ తోకలాగా తిరగడం ఏంటి? పదిమందిలో నవ్వులపాలు!"

"నీ పని నువ్వు చూసుకో. నాది నేను చూసుకుంటున్నాను."

మధ్యాహ్నం రెండింటికి వడ్డన అయిపోయింది. భర్త గిన్నె తెచ్చి కూరగాయలు తూచే త్రాసు మీద పెట్టాడు. గిన్నె బరువు ముందే చూసి పెట్టుకున్నాడు. అది తీసేస్తే ఏడొందల ముప్ఫై గ్రాములు తేలింది. గిన్నెలో సూపు, మాంసం, దుంపలు, బీన్సు, గుడ్డు, ఒక మూల కేకు ముక్కల పొడి, పైన మిలమిలా తేలే నూనె. పక్కన కాగితం మీద నిలువుగీతలు. అరవై ఒకటి.

"ఇదేంటి?" అంది ఆవిడ.

"పొద్దుటినుంచీ నీ నోట్లోకి పోయింది."

"అది రుచి చూడడమండీ! రుచి చూడడం తిండేంటి? వంటవాళ్ళెవరైనా దాన్ని తిండంటారా?"

ఆయన చప్పిడి వైపు తిరిగాడు. "ఈ గిన్నె ఎవరి ముందైనా పెడితే దాన్ని ఏమంటావయ్యా?"

చప్పిడి తలదించుకున్నాడు. "భోజనం అంటానండీ. కాస్త గట్టి భోజనమే."

పెద్దగరిటె స్టూలు మీద కూలబడింది. మూణ్ణెల్లుగా ఇంట్లో ఒక్కో మెతుకూ లెక్కపెట్టుకుంది. ఇక్కడ రోజుకో భోజనం నిలబడే మింగింది. పైగా ఖాళీ కడుపుతో పనికి రావడం మొదలుపెట్టాక చెంచా నిండుగా తీస్తోందనీ, ఒకసారి చూసిన కూరే మళ్ళీ మళ్ళీ చూస్తోందనీ ఇప్పుడు ఆవిడకే తెలుస్తోంది. ఆకలి పాపం దొంగచాటుగా తన పని తాను చేసుకుంది. పొయ్యి ముందు నిలబడి మింగింది తిండి కిందకి రాదని లోకంలో వంటవాళ్ళందరూ నమ్ముతారు. ఆవిడా నమ్మింది. ఆ నమ్మకం తమ్ముడి పీకల మీదికి తెచ్చింది.

"నా చేతులారా వాణ్ణి చంపుకునేదాన్ని కదండీ" అని గట్టిగానే ఏడ్చింది. చప్పిడి గిన్నెలు తోమే నెపంతో కుళాయి పెద్దగా తిప్పి అటు తిరిగాడు.

మొదట చిన్న చెంచా వాడి చూసింది. ఆ చెంచా ఎంత చిన్నదంటే రెండోరోజుకల్లా ఒక్కో రుచికి మూడుసార్లు ముంచుతోంది. నోట్లో వేసుకుని ఉమ్మేద్దామంటే వంటగదిలో అంతకంటే రోత ఇంకోటి లేదు. మూడోరోజు పొద్దున చప్పిడిని పిలిచి చెంచా అతని చేతిలో పెట్టింది.

"ఇవాల్టినుంచి నువ్వే చూడు."

చప్పిడి పామును ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అక్కా, నా నాలుక మీద ఇక్కడ మూడొందల మందికి నమ్మకం లేదు. నాక్కూడా లేదు."

"నాకుంది, పట్టు" అంది. ఆవిడకూ లేదు.

ఆవిడ వండింది, అతను రుచి చూశాడు. ఉప్పు ఎంత వేయాలో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అతని ముఖంలో చెమటలు. "సరిపోయిందేమో అక్కా" అనేవాడు. ఆ "ఏమో" ఆవిడ గుండెల్లో గుచ్చుకునేది. వాసన చూసింది, రంగు చూసింది, చెయ్యి చెంచా కోసం తనంతట తనే లేచేది. రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నిలబడింది.

ఆ వారంలోనే నాలుగో నంబరు బల్ల దగ్గర ఒక లేతు మిషను పనివాడు జేబులోంచి చిన్న పొట్లం తీయడం వడ్డించే కిటికీలోంచి కనపడింది. ఇంటినుంచి తెచ్చుకున్న ఉప్పు. అటూ ఇటూ చూసి కూర మీద చల్లుకుని పక్కవాడికి అందించాడు. పక్కవాడు ఇంకొకడికి. పొట్లం బల్లంతా తిరిగి వచ్చింది. పెద్దగరిటెకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళ పరువు ఒక్క కాగితం పొట్లంలో పోయింది. చప్పిడి చేతిలోంచి చెంచా లాక్కుందామని రెండడుగులు వేసింది కూడా. అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం బజారుకెళ్ళి పన్నెండు ఉప్పు సీసాలు కొంది. మర్నాడు వడ్డనకు ముందు తనే ఒక్కొక్క బల్ల మీదా ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోయింది. హాలంతా తలలు తిప్పి చూసింది. నాలుగో బల్ల దగ్గర లేతు పనివాడు సిగ్గుతో చచ్చిపోతూ లేచి నిలబడ్డాడు.

"అదేం లేదక్కా, డాక్టరు నన్ను ఉప్పు ఎక్కువ తినమన్నాడని..."

"ఏ డాక్టరయ్యా అలా చెప్పేది? కూర్చో. చాలకపోతే వేసుకో. పొట్లాలు మాత్రం తేవద్దు, బల్ల జిడ్డవుతుంది."

ఆ మాట మామూలుగానే అంది. లోపలికొచ్చాక కొంగుతో ముఖం తుడుచుకుని ఉల్లిపాయల మీద పెట్టింది నెపం.

మిగిలిన మార్పులు దీని ముందు ఏమంత పెద్దవి కావు. పొద్దున గుడ్డు, రొట్టె, ఒక పండు తిని మరీ పనికి వెళ్ళింది. కడుపు నిండి ఉంటే చెయ్యి చెంచా కోసం లేవడం తగ్గింది. రాత్రి భోజనం మళ్ళీ పూర్తిగా తినడం మొదలుపెట్టింది, నోటుబుక్కులో రాస్తూనే. నిలబడడం నడక కాదని భర్త తేల్చేశాడు. అందుకని సాయంత్రం పని దిగాక ఆయన చివరి రెండు వీధుల మీటర్లు చూసే చోటికి వెళ్ళి ఆయనతో పాటే తిరిగింది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన అంత వేగంగా నడుస్తాడని ఆవిడకు తెలీదు. "కాస్త మెల్లగా నడవండి, మీటరు ఎక్కడికీ పారిపోదు" అని రొప్పుతూ వెనకపడేది. ఇళ్ళవాళ్ళు ఇద్దరినీ చూసి కరెంటు ఆఫీసు కొత్తగా మనిషిని వేసిందనుకున్నారు. ఒకావిడైతే బిల్లు ఎక్కువొచ్చిందని పెద్దగరిటెతోనే పోట్లాటకు దిగింది. "బల్బు ఏదో వెలుగుతోందేమో చూసుకోమ్మా" అని చెప్పి వచ్చింది పెద్దగరిటె.

పదిహేను రోజులకు డెబ్బై అయిదూ ఆరొందలు. డాక్టరమ్మ కాగితం మీద పాత లెక్కనే కొనసాగించింది. నాలుగో నెలకు డెబ్బై అయిదు. అయిదో నెలలో మేనకోడలి పుట్టినరోజున కేకు తిని అరకిలో పెరిగితే, ఏడవకుండా నోటుబుక్కులో కేకు అని రాసుకుని వారం రోజులు రెండు వీధులకు బదులు మూడు వీధులు తిరిగింది. ఆరో నెల ఆఖరున తూకం డెబ్బై నాలుగూ ఎనిమిదొందల దగ్గర నిలిచింది.

"సోమవారం చేరిపోండి ఇద్దరూ" అంది డాక్టరమ్మ. "ఆ తర్వాత కూడా ఇదే బరువు ఉండాలి, తెలుసుగా? ఆపరేషనుతో అయిపోయేది కాదిది."

"తెలుసమ్మా. చెంచా ఇచ్చేశాను" అంది పెద్దగరిటె. డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు.

ఆపరేషను సవ్యంగానే జరిగింది. ఆరోరోజుకు ఆవిడ డొక్కలో కుట్టును చేత్తో అదుముకుంటూ మెల్లగా నడిచి తమ్ముడి గదికి వెళ్ళింది. వాడి ముఖంలో ఉబ్బు దిగింది. కళ్ళు మునుపటిలా ఉన్నాయి. మరదలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోపలికి రావాలంటే ముఖానికి గుడ్డ, చేతులకు సబ్బు, సవాలక్ష షరతులు. అవన్నీ పాటించి చప్పిడి ఒక మూత గిన్నె పట్టుకుని వచ్చాడు. కూరగాయల సూపు. ఆసుపత్రి ఒప్పుకున్న కొలతల ప్రకారం ఇంట్లో తనే చేసి తెచ్చాడట. మొదటిసారి అక్క పక్కన లేకుండా వండాడు కాబట్టి గిన్నె మూత రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టాడు.

తమ్ముడు ఒక చెంచా తీసుకున్నాడు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు. ముఖం చిట్లించాడు.

"అక్కా, ఉప్పు చాలలేదు."

చప్పిడి ముఖం పాలిపోయింది. "అన్నా, నర్సమ్మ రాసిచ్చిన కొలతే వేశానండీ, నా తప్పు కాదు..."

"మిరియం కూడా తక్కువే. క్యారెట్ మాత్రం బాగా ఉడికింది" అంటూ తమ్ముడు రెండో చెంచా తీసుకున్నాడు, మూడోది తీసుకున్నాడు. అప్పుడు ఆగి, చెంచా వైపు చూశాడు. "అక్కా, తుప్పు లేదే. నోట్లో తుప్పు లేదు."

నవ్వితే కుట్టు లాగుతుంది, ఏడ్చినా లాగుతుంది. రెండూ ఒకేసారి వచ్చేసరికి పెద్దగరిటె కడుపు పట్టుకుని మంచం కడ్డీకి ఆనుకుంది. మరదలు పరుగున వచ్చి నడుం పట్టుకుంది. చప్పిడి ఇంకా సంజాయిషీ చెప్తూనే ఉన్నాడు.

కాసేపటికి తేరుకుని, "ఇటు తే, నేను చూస్తాను" అని చెయ్యి చాపింది. చప్పిడి వేరే చెంచాతో కాస్త తీసి ఇచ్చాడు. ఆవిడ చప్పరించింది. నిజమే, ఉప్పు చాలలేదు.

"వాడి మాట పట్టించుకోకు. బాగుంది" అంది చప్పిడితో. తర్వాత సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఆ రోజు తేదీ కింద "సూపు, ఒక చెంచా" అని రాసుకుంది.